మైల లేని పిల్ల

మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లందరి కొలతలూ నాకు తెలుసు. బెంగాల్లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. కాన్పు తర్వాత ఎవరు తగ్గారో, కొడుకు పెళ్లయ్యాక ఎవరు చిక్కిపోయారో, "పోయినసారి కొలతే ఎట్టేయమ్మా" అంటూ ఎవరు అబద్ధమాడుతున్నారో టేపు పట్టుకున్న నాకు తెలిసినంతగా వాళ్ల మొగుళ్లకు కూడా తెలియదు. నా కొలత మాత్రం నేను తీసుకునేదాన్ని కాదు. పాత జాకెట్టు పక్క కుట్లు విప్పి, లోపల మిగిలిన గుడ్డ బయటికి లాగి మళ్లీ కుట్టుకునేదాన్ని. విప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు కొత్తది అందాజుగా కత్తిరించేసేదాన్ని.

నేను లావు. ఈ మాట నేనే ముందు అనేస్తే ఎదుటివాళ్ల మాట నోట్లోనే ఉండిపోతుందని చిన్నప్పుడే కనిపెట్టాను. పెద్దమనిషినైన కొత్తలో అందరిలాగే ఉండేదాన్ని. తర్వాత ఒళ్లు రావడం మొదలైంది, నెలసరి రావడం తగ్గింది. మొదట రెండు నెలలకోసారి వచ్చేది. ఆ తర్వాత దారి తప్పిన చుట్టంలా ఎప్పుడో ఒకసారి తొంగిచూసి పోయేది. ఈ రెండు సంగతులకీ ఏదైనా సంబంధం ఉందేమోనని మాలో ఎవరికీ తోచలేదు. లావుకి కారణం నా నోరు, నెలసరి రాకపోవడానికి కారణం వేడి. మా ఇంట్లో వైద్యం అంతే.

అమ్మ ఊరుకుందని కాదు. నువ్వులూ బెల్లం దంచి ఉండలు చేసి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి దగ్గరుండి తినిపించేది. నెలసరి రాలేదు గానీ ఉండల బలం ఒంటికి బాగా పట్టింది. ఒకసారి ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన తల కూడా ఎత్తకుండా "ఒళ్లు తగ్గించండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు. ఎలా తగ్గించాలో చెప్పలేదు. నేను అన్నం మానేశాను. మధ్యాహ్నానికి కళ్లు తిరిగి మిషను మీద తల వాల్చేసేదాన్ని. సాయంత్రమయ్యేసరికి ఊరంతా మురమురాలూ ఆలూచాప్ బజ్జీలూ తినే వేళకి నా పట్టుదల కూడా ఆ పొట్లంలోనే కలిసిపోయేది. ఒళ్లు తగ్గడం మాట దేవుడెరుగు, అమ్మ దగ్గర తిట్లు మాత్రం పెరిగాయి.

ఆ తర్వాత అమ్మ నాకు వైద్యం వెతకడం మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పాలంటే మా ఇంటి పద్ధతి చెప్పాలి.

మా ఇంట్లో నెలసరి వచ్చిన మనిషి వెనక వరండాలో ఉండాలి. అది నాయనమ్మ పెట్టిన పద్ధతి. ఆవిడ పోయినా పద్ధతి పోలేదు. వరండాలో ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు విడిగా ఉంటాయి. ఏది కావాలన్నా దూరం నుంచే పెడతారు. పొరపాటున తగిలితే తగిలినవాళ్లు తలస్నానం చేస్తే గానీ వంటింట్లోకి రాకూడదు. అమ్మవారి పండగ రోజుల్లో అయితే స్నానం కూడా చాలదు, ఆ ఏటి పండగకి వాళ్లు దూరమైపోయినట్టే. రెండు గదుల క్వార్టర్‌లో ఇదంతా నడపడం ఎంత కష్టమో ఆలోచించండి. నాన్న వర్క్‌షాపు డ్యూటీకి పొద్దున్నే క్యారేజీ పట్టుకెళ్లాలి. అమ్మ వరండాలో కూర్చుంటే ఆ క్యారేజీ ఎవరు కట్టాలి?

నేను కట్టేదాన్ని. నాకు మైల లేదు కదా. మా ఇంట్లోనే కాదు, పక్క క్వార్టర్‌లో అత్త బయట ఉంటే వాళ్ల దేవుడి గూట్లో దీపం పెట్టడానికి నన్నే పిలిచేవారు. ఎవరింట్లో వ్రతమైనా ప్రసాదం వండడానికి నేనే. ఏ రోజు పిలిచినా తయారుగా ఉండే మనిషిని ఎవరు వదులుకుంటారు? "మైల నేని పిల్ల, అదురుష్టవంతురాలు" అనేవారు. వాళ్ల మాటలో వెటకారం లేదు. నెలనెలా వరండాలో కూర్చునే ఆడవాళ్లకి నేను నిజంగానే అదృష్టవంతురాలిలా కనిపించి ఉంటాను.

ఇక ఘటం సంగతి. ఎండలు ముదిరే రోజుల్లో మా వాళ్లు అమ్మవారి పండగ చేస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన ముత్తాతలు మూటతోపాటు తెచ్చుకున్న పండగ అది. పసుపు రాసి, వేపాకులు కట్టి, పైన దీపం పెట్టిన ఘటాన్ని ఒక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని డప్పులతో లైను లైనూ తిరుగుతుంది. ప్రతి ఇంటివాళ్లూ బయటికొచ్చి ఆవిడ పాదాల మీద పసుపునీళ్లు పోసి దండం పెడతారు. మొదటి రోజు ఉపవాసంతో ఎత్తిన మనిషే పండగ అయ్యేదాకా రోజూ ఎత్తాలి. మధ్యలో ఆవిడకి నెలసరి వస్తే లైనుకంతా కీడని నమ్మకం. నెలసరి ఆగిపోయిన ముసలివాళ్లకేమో అన్ని రోజులు మోసే ఓపిక ఉండదు. అందుకే ఏటా పండగకి ముందు, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక పెద్దావిడ ఇల్లిల్లూ తిరిగి గుసగుసగా తేదీలు వాకబు చేసేది. కుర్రకోడళ్లు ముందు జాగ్రత్తగా గోల్‌బజార్‌లో మందుల షాపు నుంచి, నెలసరి వెనక్కి జరిపే మాత్రలు తెచ్చుకుని మింగేవారు. దానికి డాక్టర్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఒక ఏడాది ఇలాగే లెక్కలు కుదరక తలలు పట్టుకుంటుంటే పెద్దమ్మకి నేను గుర్తొచ్చాను.

"మన గుంటుంది కదే," అంది నన్ను చూపిస్తూ అమ్మతో. "దానికి ఆ బాదే నేదు. ఒల్లూ గట్టిదే, మెడా గట్టిదే."

ఆ ఏడు నుంచి ఘటం నాదే. నిజం చెప్పాలంటే నాకు అది చాలా ఇష్టంగా ఉండేది. ఏడాదంతా నేను టోటో రిక్షా ఎక్కితే "దీదీ, మధ్యలో కూకో, బండి వాలిపోద్ది" అనేవాళ్లూ, నా నడక చూసి మూతి తిప్పుకుని నవ్వేవాళ్లూ ఆ రోజుల్లో నా పాదాల దగ్గర వంగేవారు. పసుపునీళ్లు చల్లగా తగిలేవి. నా ఒళ్లు ఒకరికి పనికొస్తోందని, నిండుగా ఉందని, అమ్మవారిలా ఉందని అనేవారు. ఆ ఒక్క మాట కోసం మిగతా ఏడాదంతా భరించవచ్చనిపించేది.

అమ్మకి ఇంకా ఎక్కువ ఇష్టం. తన వయసులో ఒక్కసారైనా ఘటం ఎత్తాలని అమ్మకి ఉండేదట. సరిగ్గా పండగ రోజులకే తనకి నెలసరి వచ్చి కూర్చునేదట. "నన్ను అమ్మోరు వొద్దనుకున్నాది, నిన్ను కోరుకున్నాది" అనేది. నేను ఘటంతో తిరుగుతుంటే పక్కనే చెంబు పట్టుకుని నడిచేది. మామూలుగా ఎప్పుడూ కొంగు సర్దుకుంటూ ఓ మూల నిలబడే మనిషి, ఆ రోజుల్లో మాత్రం దారి ఇమ్మని అందరినీ గదమాయించేది.

ఇన్నేళ్లకి మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లింది కూడా నా కోసం కాదు, అమ్మ మోకాళ్ల కోసం. గోల్‌బజార్ దాటాక ఒక క్లినిక్‌లో కూర్చునే బెంగాలీ డాక్టరమ్మ. అమ్మ మోకాళ్లు నొక్కి చూస్తూనే ఆవిడ నా వైపు చూడసాగింది. నా మెడ చుట్టూ నల్లగా మందంగా పట్టిన చారని, గడ్డం కింద నేను దారంతో పీకించుకున్న వెంట్రుకల గుర్తుల్ని చూసింది. నెలసరి సరిగ్గా వస్తుందా అని హిందీలో అడిగింది.

దానికి ఆ గొడవలేవీ లేవని నేను నోరు తెరిచేలోపే అమ్మ గర్వంగా జవాబు చెప్పింది. "ఉస్కో ఓ సబ్ ఝమేలా నహీ హై, డాక్టర్ దీదీ."

డాక్టరమ్మ అమ్మ మోకాలు వదిలేసింది. ఎన్నాళ్లుగా అని అడిగింది. అమ్మ నా ముఖం చూసింది, నేను అమ్మ ముఖం చూశాను. ఇద్దరికీ తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్లు పరీక్షలతో గడిచింది. రక్తం తీశారు, స్కాన్ చేశారు, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. అన్నీ ముందు పెట్టుకుని డాక్టరమ్మ నాకు ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో కొవ్వు మరీ ఎక్కువైతే అది ఊరికే ఉండదట, హార్మోన్ల పనిలో తనూ వేలు పెడుతుందట. ఇన్సులిన్ పెరిగిపోతుంది, అండం నెలనెలా విడుదల కావడం మానేస్తుంది. అండం విడుదల కాకపోతే నెలసరి రాదు. కానీ గర్భాశయం లోపలి పొర మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నెలనెలా రాలిపోవాల్సిన పొర రాలకుండా పేరుకుపోతుంది. నాకు అది వెంటనే అర్థమైంది. పాత గుడ్డ విప్పకుండా దాని మీదే కొత్త గుడ్డ వేసి కుట్టుకుంటూ పోయినట్టు. పరీక్షలో ఇప్పటికైతే చెడ్డదేమీ కనబడలేదు, ఇలాగే వదిలేస్తే రేపు కనబడదని మాత్రం మాట ఇవ్వలేను అంది.

ఇంకో మాట కూడా అంది. ఒళ్లు పెరిగితే నెలసరి చెడుతుంది, నెలసరి చెడే ఈ జబ్బులోనే ఒళ్లు పెరగడం, తగ్గకపోవడం కూడా ఉంటాయి, కాబట్టి ఇదంతా నీ బద్ధకమని అనుకోకు అంది. కొంచెం తగ్గినా చాలు, నెలసరి దారికి రావచ్చు, పూర్తిగా సన్నబడక్కర్లేదు అంది. నేను అక్కడే, అమ్మ ముందే, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అన్నేళ్లలో తప్పంతా నీ నోటిది కాదని నాతో అన్న మొదటి మనిషి ఆవిడే. ఆవిడ చెప్పిన నడక ఇప్పటికీ నడుస్తున్నాను, పొద్దున్నే సాలువా రోడ్డు మీద, చెప్పులు కాదు బూట్లు వేసుకుని. మొదట్లో కుక్కలు మొరిగేవి, ఇప్పుడు తోడొస్తున్నాయి.

మందు చీటీ రాశాక ఆవిడ చెప్పింది. ఈ మాత్రలు కొన్నాళ్లు వేసుకుని ఆపితే ఆ వారంలోనే నెలసరి వస్తుంది, మొదటిసారి చాలా ఎక్కువగా రావచ్చు, అలా కొన్ని నెలలు చేద్దాం.

అమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. ముఖం మాడిపోయింది. సరిగ్గా ఘటం ఎత్తే రోజులకి వస్తుంది. పండగయ్యాక మొదలుపెట్టొచ్చా అని అడిగింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి, బెంగాల్లో పూజ లేని నెల ఏదో నాకు చెప్పు, అప్పుడు మొదలుపెడదాం అంది. ఇప్పటికే చాలా ఆలస్యమైంది, ఈ రోజే మొదలుపెట్టమంది.

టోటోలో ఇంటికొచ్చాం. మాత్రల పొట్లం తెచ్చి మిషను మీద పెట్టాను.

"పండగెల్లినాక ఏసుకుంటావేటి?" అంది అమ్మ. అడిగినట్టుగా లేదు, బతిమాలినట్టుగా ఉంది.

"అలగే," అన్నాను.

అమ్మ కోసం అనలేదు. నాకూ ఘటం కావాలి. ఆ పసుపునీళ్లు కావాలి. లోపల ఏదో పేరుకుంటోందని తెలిసి కూడా, ఇంకొక్క ఏడు అమ్మవారిలా ఉన్నావనిపించుకోవాలనే ఆశ నాకు పోలేదు. మాత్రలు రెండు మూడు రోజులు మిషను మీదే ఉన్నాయి. దారపు ఉండల మధ్య వాటిని చూస్తూనే నేను ఇంకొకళ్ల జాకెట్లు కుట్టాను.

ఘటానికని అమ్మ పసుపు రంగు చీర కొని తెచ్చింది. జాకెట్టు ఎప్పటిలా అందాజుగా కత్తిరించబోతుంటే, "ఈసారైనా సరిగ్గా కొలవనీ" అని టేపు అందుకుంది. నా ఎదురుగా నిలబడి టేపు నా వెనక నుంచి తిప్పింది. అందడానికి నన్ను దాదాపు కావలించుకోవాల్సి వచ్చింది. నేను పెద్దయ్యాక అమ్మ నన్ను అంత దగ్గరగా పట్టుకోవడం అదే. టేపు కొసలు కలవలేదు. అమ్మ ఇంకొంచెం లాగింది. కలవలేదు. టేపు అలాగే పట్టుకుని నా మెడ మీద నల్లచార చూస్తూ ఉండిపోయింది.

"నీకు ఆకరిసారి ఎప్పుడొచ్చినాది?" అంది.

"గేపకం నేదమ్మా."

"నాకూ నేదు." మిషను స్టూలు మీద కూలబడింది. "పిల్లకి ఎప్పుడొచ్చినాదో తల్లికే గేపకం నేదు. రానేదని సంబరపడినాను గాని ఎందుకు రానేదో అడగనేదు."

అమ్మ ఏడవలేదు. లేచి లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది, పొట్లంలోంచి మాత్ర తీసి నా చేతిలో పెట్టింది. నేను మింగేదాకా అక్కడే నిలబడింది.

పెద్దమ్మకి తనే సెప్తానంది అమ్మ. రోజూ పొద్దున బయల్దేరేది, చీపురు అడిగో, కరివేపాకు అడిగో వచ్చేసేది. పిల్ల ఈసారి ఘటం ఎత్తదని లైనంతటికీ ఎలా చెప్పాలో అమ్మకి నోరు పెగల్లేదు. రేపు, రేపు అంటూ పండగ మొదటి రోజు వచ్చేసింది. ఆ రోజు తెల్లవారుతూనే నాకు నెలసరి వచ్చింది.

ఎక్కువగా రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది గానీ, అలా ఉంటుందని నేను అనుకోలేదు. నడుము విరిగిపోతున్నట్టు నొప్పి. గడ్డలు గడ్డలుగా పోతోంది. వెనక వరండాలో చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాను. మరీ ఎక్కువైతే వేసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నాను. అమ్మ పద్ధతి ప్రకారం నీళ్ల గ్లాసు దూరం నుంచి పెట్టింది. వంగి అందుకుంటే కళ్లు తిరిగాయి, వదిలేశాను.

మా క్వార్టర్‌లో ముందు తలుపూ వెనక తలుపూ ఒకే వరసలో ఉంటాయి. రెండూ తెరిచి ఉంటే వరండాలోంచి గేటు కనబడుతుంది. డప్పులు గేటు దగ్గర ఆగాయి. పెద్దమ్మ, ఆవిడ వెనక లైను ఆడవాళ్లు, వాళ్ల మధ్య పీట మీద ఘటం.

"పిల్లేదే? ఇంకా తయారవనేదా?" అంది పెద్దమ్మ.

అమ్మ గేటు పట్టుకుని నిలబడింది. "అది రాదు పెద్దమ్మా. బయటుంది."

"ఎవలు బయటున్నాది?"

"మా పిల్లే."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ నవ్వలేదు. "దానికి ఎప్పుడూ నేదు కదే."

"నేకపోడమే జబ్బంట. మందులేసి రప్పించినాం."

"పండగ పూటా రప్పించడం?"

"డాక్టరమ్మ ఆగొద్దన్నాది. ఆగితే పిల్లకి మంచిది కాదన్నాది."

డప్పులవాళ్లు కూడా వినేశారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ అమ్మ గొంతు వణకడం లేదు. పెద్దమ్మ ఆడవాళ్ల వైపు తిరిగి, మరి ఘటం ఎవలెత్తుతారని అడిగింది. ఎవరూ ముందుకు రాలేదు. ఉపవాసం లేనివాళ్లు కొందరు, తేదీ దగ్గరపడినవాళ్లు కొందరు. పెద్దమ్మ చూపు తిరిగి తిరిగి అమ్మ మీద ఆగింది.

"నీకు ఈ ఏడు ఆగిపోయినాది కదే," అంది మెత్తగా. "పొద్దున్నుంచి ఏటీ తిన్నట్టు నేవు. దాన్ని ముట్టుకోనేదు కదా?"

"ముట్టుకోనేదు."

"అయితే నువ్వే ఎత్తు."

అమ్మ ముఖం నాకు కనబడలేదు, వీపే కనబడుతోంది. ఆ వీపు ఒక్కసారిగా నిటారైంది. వయసులో ఉన్నప్పటి నుంచీ అమ్మ కోరుకున్నది ఇదే. తను ఎత్తాలని, తన పాదాల మీద కూడా ఎవరైనా నీళ్లు పోయాలని. నాకు సంతోషం వేసింది. నొప్పిలోనే గొంతు పెంచి, "నువ్వెల్లు అమ్మా" అన్నాను.

అమ్మ లోపలికి వచ్చింది. దండెం మీద పసుపు చీర తీసి భుజాన వేసుకుంది. అప్పుడు వరండా వైపు చూసింది. గ్లాసు పెట్టినచోటే, పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. నా వైపు చూసింది. నేను నవ్వడానికి ప్రయత్నించాను, పెదాలు ఎండిపోయి సాగలేదు.

అమ్మ భుజం మీది చీర తీసి తిరిగి దండెం మీద వేసింది. వరండాలోకి వచ్చి, గ్లాసు అందుకుని, ఒక చేత్తో నా తల పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు తాగించింది. అరచెయ్యి నా నుదుటి మీదే ఉంచింది. గేటు దగ్గర నుంచి అందరూ చూస్తూనే ఉన్నారు.

"ఏటే ఆ పని?" అంది పెద్దమ్మ అక్కడి నుంచే.

"ముట్టుకున్నాను పెద్దమ్మా," అంది అమ్మ తల తిప్పకుండా. "ఇంకెవలినైనా సూసుకోండి."

కాసేపటికి డప్పులు కదిలాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకమ్మా, ఎల్లాల్సింది అంటున్నాను. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, చాప వైపు చూసింది.

"ఇది ఒక మనిసి సాప," అంది. "కొంచెం జరుగు, నేనూ కూకుంటాను."